గుడి కన్నా ముందు పుట్టిన పుస్తకం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ, చాగలమర్రి మీదుగా మైదుకూరుకు పోయే రోడ్డులో ఎడమచేతి వైపు, అంటే నల్లమల దిక్కుకు లోపలికి దిగితే, కొన్ని ఊళ్లలో క్రైస్తవుల పాత రాతి గుడి ఒకటి కనిపిస్తుంది. పెద్దదేం కాదు. నాపరాతి గోడలు, పైన మొనదేలిన రెండు మూడు కిటికీలు, ముందొక వేపచెట్టు, కమ్మీకి వేలాడే గంట. ఊళ్లో ఎవరినడిగినా 'ఎస్పీజీ గుడి' అంటారు. ఆ అక్షరాలకు అర్థమేమిటంటే చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. 1701లో ఇంగ్లండులో పుట్టిన ఆంగ్లికన్, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వాళ్ల, మిషన్, సొసైటీ ఫర్ ది ప్రొపగేషన్ ఆఫ్ ది గాస్పెల్, పేరులోని పొడి అక్షరాలవి. ఆ సంస్థ పేరు మార్చుకుని అరవై ఏళ్లయింది. ఇక్కడి పల్లెల్లో మాత్రం ఇప్పటికీ పాత పేరే చెల్లుతోంది.

ఇలాంటి గుడి చరిత్ర చెప్పమంటే ఎవరైనా ముందు గోడకున్న శిలాఫలకం దగ్గరికే పోతారు. తప్పుదారి అక్కడే మొదలవుతుంది. ఫలకం మీదుండేది గుడి కట్టిన ఏడాది. ఒక్కోసారి అదీ కాదు, పడిపోయాక మళ్లీ కట్టిన ఏడాది. అప్పటికే సంఘానికి ఒక తరం గడిచిపోయి ఉంటుంది. ఈ పల్లెల్లో ముందొచ్చింది ఒక మనిషి, ఆ తర్వాత బడి, దాని వెంట బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు రాసుకునే ఒక రిజిస్టరు. గుడి వచ్చింది అన్నిటికన్నా చివర, చందాలు కూడినప్పుడు. అందుకే గోడను చదివితే తెలిసేది తక్కువ. అయ్యగారి, అంటే గుడి గురువు, ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉండే ఆ రిజిస్టరును చదివితే తెలిసేది ఎక్కువ.

రాయలసీమలో ఆంగ్లికన్ ఆనవాళ్లు రెండు రకాలు. రెంటినీ ఒకే గాటన కడితే ఏదీ అర్థం కాదు. మొదటి రకం దొరల కోసం వచ్చినవి. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక కలెక్టర్లు, పటాలాల అధికారులు దిగారు. వాళ్లకు పెళ్లిళ్లు చేయడానికి, పోతే పూడ్చడానికి చాప్లెన్లు ఉండేవారు. ఈ దత్తమండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, తర్వాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయారు. గుత్తి కోట కింద ఇంగ్లీషువాళ్ల సమాధుల దొడ్డిలో పూడ్చారు. కొన్నేళ్లకు ఆ అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. ఆయన మీద అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని సీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ మన్రో మొక్కిన దేవుడి గుడికీ, ఆ మన్రోలప్పలకూ ఏ సంబంధమూ లేదు. కంపెనీ మతం కంపెనీవాళ్లదే. 1813లో పార్లమెంటు చట్టం మార్చేదాకా మిషనరీలు తన ఇలాకాలో అడుగుపెట్టడమే కంపెనీకి ఇష్టం లేదు. వ్యాపారం చెడుతుందని దాని భయం.

రెండో రకమే పల్లె గుడులు. వీటి మొదలు కడపలో ఉంది. 1822లో లండన్ మిషన్ కడపలో పని మొదలుపెట్టింది. అది ఆంగ్లికన్ సంస్థ కాదు. బిషప్పుల పెత్తనం వద్దనే సంఘాలవాళ్లది. అక్కడ పనిచేసిన విలియం హోవెల్ 1840ల్లో ఆంగ్లికన్లలో చేరి ఎస్పీజీ తరఫున గురువు అయ్యారు. 1850ల్లో జాన్ క్లే అనే మిషనరీ చాగలమర్రి పక్కనున్న ముత్యాలపాడులో మకాం పెట్టారు. తర్వాత కలసపాడు, నంద్యాల, గిద్దలూరు కేంద్రాలయ్యాయి. గిద్దలూరు అప్పట్లో కర్నూలు జిల్లాలోదే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. ముత్యాలపాడు కూడా ఇప్పుడు నంద్యాల జిల్లా కిందికి వస్తుంది. జిల్లాల గీతలు ఇన్నిసార్లు మారినా, మిషన్ గీసిన గీత మాత్రం ఎవరు ఏ గుడికి పోతారన్న విషయంలో ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. మిషన్లు సాధారణంగా తాలూకా కేంద్రాల్లో బంగళాలు వేసుకునేవి. ముత్యాలపాడు, కలసపాడు లాంటి ఊళ్లు ఎందుకు కేంద్రాలయ్యాయి? మిషనరీని పిలిపించుకున్న మనుషులు ఆ చుట్టుపక్కల ఉన్నారు కాబట్టి. వాళ్లు మాలపల్లెల జనం, నేత నేసేవాళ్లు, కూలికి పోయేవాళ్లు, ఊరి వెట్టి చేసేవాళ్లు. దొర గుర్రమెక్కి వచ్చి వాళ్లను మార్చేశాడన్న మాట వినడానికి బాగుంటుంది గానీ, జరిగింది చాలాసార్లు దానికి తలకిందులుగా ఉంటుంది. ముందు పల్లెలో ఒక పెద్దమనిషి ఎక్కడో సంతలోనో బంధువుల ఊళ్లోనో ఈ మాట వింటాడు. తిరిగొచ్చి తన ఇంటివాళ్లకు చెబుతాడు. నలుగురు కుటుంబ పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటారు. ఆ తర్వాతే మిషనరీకి కబురు పోతుంది. ఒక్కొక్కరుగా కాక, వంశాలకు వంశాలు కలిసి చేరడానికి కారణం ఇదే.

ఈ నేలకు గురువులు కొత్త కాదన్నది కూడా మరవకూడదు. కందిమల్లాయపల్లె పోతులూరి వీరబ్రహ్మంగారి మఠం ఇదే దారిలో, మైదుకూరుకు దగ్గర్లో ఉంది. బ్రహ్మంగారి శిష్యుల్లో దూదేకుల సిద్ధయ్య ఉన్నాడు, అంటరానివాడని ఊరు దూరం పెట్టిన కక్కయ్య ఉన్నాడు. తంబుర పట్టి రాత్రిళ్లు తత్వాలు పాడుకోవడం, గురువు దగ్గర ఉపదేశం పొందడం, కులం కన్నా జ్ఞానం పెద్దదన్న మాట, ఇవన్నీ పల్లెకు తెలిసినవే. అలాంటిచోట ఒక పుస్తకం పట్టుకుని, చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్పే మనిషి వచ్చినప్పుడు జనం అతన్ని ముందు గురువుగానే చూసి ఉంటారు. క్రైస్తవంలో చేరాక కూడా సంఘ సేవకుణ్ని 'ఉపదేశి' అనడం ఊరికే పుట్టిన మాట కాదు.

తర్వాత కరువు. 1876 నుంచి 1878 దాకా సాగిన ఆ కరువును సీమలో ధాత కరువు అంటారు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. 1871 జనగణనలో కర్నూలు జిల్లా జనాభా 9,14,432. 1881 నాటికి అది 6,78,551. అంటే ప్రతి నలుగురిలో ఒకరు లేరు. కొందరు వలస పోయినా, ఎక్కువమంది పోయింది కాటికే. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా అప్పటికే కేసీ (కర్నూలు-కడప) కాలువ తవ్వి ఉంది. పంపిణీ సరిగ్గా లేక, నీళ్లకు డబ్బు కట్టే అలవాటు రైతులకు లేక కాలువ కంపెనీ నష్టాల్లో పడింది. 1882లో ప్రభుత్వమే దాన్ని కొనేసింది. కరువు పనుల దగ్గర, ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ ఖరారు చేసిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఒక పౌనంటే అర కిలో కూడా కాదు.

కరువు తర్వాత మిషన్లలో చేరినవాళ్లు బాగా పెరిగారు. 'గంజి పోసి మతంలో కలుపుకున్నారు' అన్న ఆరోపణ అప్పట్నుంచే ఉంది. అందులో నిజం బొత్తిగా లేదనడం కుదరదు. ఆకలి ముందు నిలబడిన మనిషి అన్నం పెట్టిన చేతిని మరచిపోడు. కానీ లెక్క చూడాలి. ముత్యాలపాడు చుట్టూ సంఘాలు కరువుకు ఇరవై ఏళ్ల ముందే ఏర్పడ్డాయి. అవి గంజి నుంచి పుట్టలేదు. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి నదిలో బాప్తిస్మం ఇచ్చారు. ఆంగ్లికన్ల పద్ధతి అది కాదు. వాళ్లది నిదానం వ్యవహారం. ప్రశ్నోత్తరి నేర్పాలి, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన ఒప్పజెప్పించుకోవాలి, ఆ తర్వాతే నీళ్లు. ఈ నిదానం వల్ల సంఖ్య తక్కువగా ఉండేది, కాగితాలు ఎక్కువగా ఉండేవి. చరిత్ర వెతికేవాళ్లకు రెండోదే కలిసొచ్చింది.

మొదట్లో గుడి అంటే బోద కొట్టం. నల్లమల నుంచి తెచ్చిన బోదగడ్డి కప్పు, మట్టిగోడ, పేడతో అలికిన నేల. పగలు అది బడి. సాయంత్రం లాంతరు వెలిగించాక అదే ప్రార్థనా స్థలం. బడి పంతులే ఉపదేశి. నంద్యాలలో మిషన్ పెట్టిన శిక్షణ పాఠశాల నుంచి ఇలాంటి పంతుళ్లు తయారై పల్లెలకు వచ్చేవారు. సర్కారు గ్రాంటు బడికి వస్తుంది, ఉపదేశానికి రాదు. అందుకే ఒకే మనిషి రెండు పనులూ చేస్తే మిషన్ ఖర్చు సగం తగ్గేది. ఇది భక్తి కన్నా బడ్జెట్‌కు సంబంధించిన ఏర్పాటు. అయినా దాని ఫలితం బడ్జెట్‌ను దాటిపోయింది. పంతులు అన్నమాట అప్పటిదాకా బ్రాహ్మణులకు వాడేది. మాలపల్లెలో పుట్టినవాణ్ని పట్టుకుని ఊరు 'పంతులు' అని పిలవాల్సి వచ్చింది, మనసులో ఏమనుకున్నా సరే. పలకమీద అక్షరం దిద్దించే హక్కు ఎవరిదన్న ప్రశ్నకు ఆ పిలుపు ఒక జవాబు.

బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఆంగ్లికన్ పద్ధతిలో సేవకులకు మూడు అంతస్తులు, డీకను, గురువు, బిషప్పు. ప్రభు భోజన సంస్కారం ఇవ్వాలంటే గురువు ఉండాలి. ఉపదేశి ఎంత బాగా చెప్పినా రొట్టె, ద్రాక్షరసం పంచడానికి వీల్లేదు. డీకనుకూ ఆ అధికారం లేదు. గురువు ఒక్కరు, ఆయన కింద ఇరవై పల్లెలు. అందువల్ల పల్లెకు సంస్కారపు ఆదివారం నెలకో, రెండు నెలలకో ఒకసారి వచ్చేది. 'ఈ వారం అయ్యగారొస్తారు' అన్న కబురు వస్తే ఆ రోజు కొట్టం అలికి, ముగ్గేసి, దూరపు కూలిపని మానుకునేవాళ్లు. ఇక బిషప్పు సంగతి చెప్పనక్కర్లేదు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు బల్లలో, అంటే ఆ ప్రభు భోజనంలో, పాలు పొందాలంటే ముందు నిర్ధారణ కావాలి. అది బిషప్పు తలమీద చేయిపెడితేనే అవుతుంది. బిషప్పు ఉండేది మద్రాసులో. ఫ్రెడరిక్ గెల్ అనే ఆయన 1861 నుంచి 1899 దాకా దాదాపు నలభై ఏళ్లు ఆ పదవిలో ఉన్నారు. ఆయన పరిధి మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా భాగం. అలాంటి మనిషి ఎద్దులబండి దారుల్లో ఒక మాలపల్లెకు ఎన్నేళ్లకోసారి రాగలడో ఊహించుకోవచ్చు. ఆ నిరీక్షణలోనే కొందరు ముసలైపోయారు.

ఆరాధన అంతా పుస్తకం చూసి చేసేది. ఆ పుస్తకం చదవడానికి సంఘంలో సగానికి పైగా మందికి అక్షరం రాదు. ఇది పెద్ద విడ్డూరంగా కనిపిస్తుంది గానీ, పల్లె దీనికి తన దారి తాను కనిపెట్టింది. విని విని నోటికి పట్టేసింది. సంతకం రాని ముసలమ్మలు ఈ రోజుకీ ప్రార్థనా క్రమం మొదటి నుంచి చివరిదాకా పొల్లుపోకుండా చెప్పేస్తారు, అదీ 'యుగయుగములకు', 'దయచేయుము', 'గాక' లాంటి గ్రాంథికంలో. బయట అదే నోటితో 'యాడికి బోతాండావు' అని పలకరిస్తారు. చర్చి తెలుగు, చేని తెలుగు పక్కపక్కనే, ఒకదానికొకటి అడ్డం రాకుండా బతికాయి. వ్యావహారిక భాష మీద పండితులు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొట్లాడుకుంటున్నప్పుడు అప్పటి పల్లె ముసలమ్మలకు రెండూ వచ్చు.

ఇక రిజిస్టరు. ఇంగ్లండులో 1812లో చట్టం చేసి బాప్తిస్మానికి, సమాధికి గళ్లు గీసిన అచ్చు పుస్తకాలు పెట్టారు. బాప్తిస్మం తేదీ, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తండ్రి వృత్తి, బాప్తిస్మం ఇచ్చిన గురువు పేరు. ఆంగ్లికన్లు ఎక్కడికి పోతే అక్కడికి ఆ గళ్లు పోయాయి. మన దేశంలో పెళ్లిళ్ల రిజిస్టరుకు 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం అండ దొరికింది. ఎవరు చేయాలి, ఎలా రాయాలి, నకలు ఎవరికి పంపాలి, అన్నీ అందులో ఉన్నాయి.

దీని విలువ తెలియాలంటే ఊళ్లో అప్పటికున్న ఇంకో పుస్తకం పక్కన పెట్టి చూడాలి, కరణం లెక్క. మన్రో స్థిరపరచిన రైత్వారీ పద్ధతిలో ప్రతి పట్టాదారు పేరూ, సర్వే నంబరూ, శిస్తూ ఆ లెక్కకెక్కాయి. పట్టా ఉన్నవాడికి పేరుంది. పట్టా లేని మాలపల్లె ఆ పుస్తకంలో దాదాపు కనిపించదు. కనిపించినా మనిషిగా కాదు, ఇనాం పనివాడిగానో వెట్టిగానో. అదే ఊళ్లో, అదే కాలంలో, గుడి పుస్తకంలో మాత్రం భూమి లేని వాడికీ ఒక వరస ఉంది. వాడికి పుట్టిన ఆడబిడ్డకూ ఒక వరస ఉంది. ఆ బిడ్డ ఎనిమిదో నెలలో పోతే సమాధుల పుస్తకంలో ఇంకో వరస. మన్రో పుస్తకం భూమిని రాసింది. ఈ పుస్తకం మనుషుల్ని రాసింది. గొప్ప సంఘ సంస్కరణ చేద్దామని కాదు, గళ్లు ఖాళీగా వదలకూడదన్న నియమం వల్ల.

'వృత్తి' అన్న గడిలో ఒక తరం అంతా నేత, కూలి, కూలి, తలారి, కూలి. రెండో తరంలో ఒక పంతులు వస్తాడు. మూడో తరంలో రైల్వే గ్యాంగు, పోలీసు, ఆసుపత్రి నర్సు కనబడటం మొదలవుతుంది. ఈ గడి ఒక్కటి పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే, వంద పేజీల సామాజిక చరిత్ర చదివినట్టే.

పేర్ల గడి ఇంకా తమాషా. మద్దిలేటి, సుంకన్న, పుల్లమ్మ, మారెమ్మ, ఈ చుట్టుపక్కల దేవుళ్ల పేర్లివి. బాప్తిస్మంతో వాళ్లు యోహాను, ఇస్సాకు, మరియమ్మ, సువార్తమ్మ అయ్యారు. 'సుంకన్న అను యోహాను' అని రాసుకున్న వరసలు రెండు పేర్ల మధ్య జరిగిన ఒప్పందానికి గుర్తు. గుడిలో యోహాను, చేలో సుంకన్న. కొత్త పేరుతో భూస్వామి పిలవడు. పాత పేరుతో పిలిస్తే అయ్యగారు ఒప్పుకోరు. తర్వాతి తరాలు ఈ ఇబ్బంది లేకుండా దేవదానం, కృపానందం, జ్ఞానమ్మ, ప్రకాశం లాంటి తెలుగు పేర్లు చేసుకున్నాయి. ఇవి బైబిలు పేర్లూ కావు, ఊరి దేవతలవీ కావు. ఇది పూర్తిగా పల్లె క్రైస్తవులు తమకు తాము కల్పించుకున్న పేర్ల సంప్రదాయం. దీని గురించి రావాల్సినంత పరిశోధన రాలేదు.

రాతి గుడి కట్టే రోజు వచ్చినప్పుడు నమూనా ఇంగ్లండుదే, సరుకు మాత్రం ఊరిది. కుందూ లోయంతా సున్నపురాతి నేల. నాపరాళ్లు తవ్వుకున్నవాడికి తవ్వుకున్నంత. గానుగలో ఎద్దులతో నూరిన సున్నం, కింద నాపరాతి పరుపు. కప్పు విషయంలో ఇంగ్లండు ఓడిపోయింది. అక్కడి ఏటవాలు కప్పు మంచు జారడానికి, వాన జారడానికి. ఇక్కడ వానలే అరుదు. అందుకని కొన్నిచోట్ల దూలాల మీద రాళ్లు పరిచి, పైన చౌడుమట్టి వేసి మామూలు సీమ మిద్దె కప్పేశారు. కింద గోతిక్ కిటికీ, పైన చౌడు మిద్దె. చూడ్డానికి వింతగా ఉన్నా వైశాఖంలో లోపల కూర్చున్నవాళ్లకు ఆ మిద్దె విలువ తెలుసు.

కడప, కర్నూలు జిల్లాల్లో ఒక ఊరి క్రైస్తవుడు ఏ శాఖవాడన్నది నమ్మకాన్ని బట్టి తేలలేదు. ఏ మిషన్ ముందు వచ్చిందన్నదాన్ని బట్టి తేలింది. మిషన్లు తమలో తాము ఒప్పందం చేసుకుని మండలాలు పంచుకున్నాయి. జమ్మలమడుగు, గుత్తి, అనంతపురం లండన్ మిషన్‌కు. కర్నూలు, కంభం, మార్కాపురం బాప్టిస్టులకు. మధ్యలో నల్లమల పొడవునా ఉన్న పట్టీ ఎస్పీజీకి. ఇంగ్లండులో రెండు వందల ఏళ్ల కిందటి తగవుల వల్ల పుట్టిన తేడాలు ఇక్కడ వాగుకు అటూ ఇటూ ఊళ్ల మధ్య సరిహద్దులయ్యాయి. పిల్లనివ్వడం, తెచ్చుకోవడం దగ్గర మాత్రం ఎవరూ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. కులం కలిస్తే చాలు. ఈ సంగతి మిషనరీలకు నచ్చలేదు గానీ, వాళ్ల వల్ల మారనూ లేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. తిరునెల్వేలి ప్రాంతపు మనిషి, మాతృభాష తమిళం, పని చేసింది తెలుగువాళ్ల మధ్య. ఆయన కింది దోర్నకల్ డయాసిస్, అంటే బిషప్పు పరిధి, మొదట చిన్నది. 1920ల నాటికి పెరిగి ఈ కర్నూలు, కడప పల్లెలు కూడా దానిలోకి వచ్చాయి. దోర్నకల్ సంప్రదాయంలో అందరికీ గుర్తుండేది పిడికెడు బియ్యం. ఇంట్లో ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం అది గుడికి పోతుంది. సీమలో బియ్యం పండగ కూడు, కాబట్టి ఇక్కడ అది జొన్నలు, కొర్రలు. డబ్బు చేతిలో లేని ఆడవాళ్లు సంఘానికి చందాదారులైంది ఈ పిడికిలితోనే.

కోత పండుగ కూడా అంతే. కాపు చేలో కూలి చేసి తెచ్చుకున్న గింజల్లో ఒక చాటెడు, పెరట్లో కాసిన గుమ్మడికాయ, ఒక పుంజు, పది గుడ్లు బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక గుడి ముందే వేలం. గుమ్మడికాయ ధర ఎక్కడా లేనంత పలుకుతుంది, పాడుకునేది ఊరి నుంచి వెళ్లి ఉద్యోగం చేసే కొడుకైతే మరీను. పాడుకున్నవాడు దాన్ని మళ్లీ కానుకగా ఇచ్చేస్తాడు, మళ్లీ వేలం వేస్తారు. ఒకే గుమ్మడికాయ మూడుసార్లు అమ్ముడుపోవడం ఇక్కడ మామూలే.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఏకమైన కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలవాళ్లు ఒక్కటయ్యారు. దోర్నకల్ డయాసిస్ కూడా అందులో చేరింది. నంద్యాల చుట్టుపక్కల ఎస్పీజీ సంఘాల్లో ఎక్కువమంది మాత్రం 'మేం రాము' అన్నారు. దీన్ని మొండితనం అని తోసేయడం తేలిక. కానీ వాళ్ల వైపునుంచి చూస్తే లెక్క వేరే. దాదాపు తొంభై ఏళ్లు గురువుకు బిషప్పు చేయి తలమీద పడితేనే సంస్కారం చెల్లుతుందని నేర్పారు. ఆ చేయి కోసం ఏళ్ల తరబడి కనిపెట్టుకుని కూర్చోబెట్టారు. ఇప్పుడు అలాంటి అభిషేకం లేని పక్క మిషన్ పాస్టర్లు కూడా సమానమే అంటే, పల్లె అడగదా, మరి మేం ఎదురుచూసిందంతా ఎందుకని? ఇంగ్లండు ఆంగ్లికన్ పెద్దలు కూడా కొత్త సంఘం అభిషేకాల్ని ఎలా చూడాలన్నది కొన్నేళ్లపాటు తేల్చుకోలేకపోయారు. ఎస్పీజీ నిధుల విషయంలో వెనుకాడింది. పంతుళ్ల జీతాలు ఆ నిధుల మీదే నడిచేచోట ఇది వేదాంతం ఒక్కటే కాదు, నెల తిరిగేసరికి ఇంట్లో పొయ్యి వెలగడం.

అలా నంద్యాల ప్రాంతం కలకత్తా మెట్రోపాలిటన్, అంటే ఇక్కడి ఆంగ్లికన్ల పెద్ద బిషప్పు, కింద విడిగా ఉండిపోయింది. 1963లో ప్రత్యేక డయాసిస్ అయింది. 1970ల్లో గానీ సీఎస్ఐలో కలవలేదు. ఈ మధ్యకాలంలో ఒకే పల్లెలో చేరినవాళ్లు, చేరనివాళ్లు అని చీలికలొచ్చాయి. అన్నదమ్ములు వేర్వేరు గుడులకు పోయారు. గుడి స్థలం ఎవరిదన్న తగవులు కోర్టుల దాకా నడిచాయి. ఇప్పటి కుర్రాళ్లకు ఇదంతా తెలియదు. వాళ్లకు నంద్యాల డయాసిస్ ఒకటి, రాయలసీమ డయాసిస్ ఒకటి, రెండూ సీఎస్ఐవే. ఒకే సీఎస్ఐలో పక్కపక్కన రెండు డయాసిస్‌లు ఎందుకున్నాయని అడిగితే, జవాబు ఆ పాతికేళ్ల దూరంలో ఉంది.

ఈలోగా రిజిస్టరుకు ఇంకో మొహం వచ్చింది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల జాబితా ప్రకటిస్తూ, హిందూమతం కాక వేరే మతంలో ఉన్నవాళ్లు ఎస్సీ కారంది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సీ కిందికి వస్తారు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. అంటే ఒకప్పుడు ఊరి లెక్కలో లేనివాణ్ని పేరు పెట్టి నిలబెట్టిన పుస్తకమే, ఇప్పుడు వాడి మనవడి ఉద్యోగానికి అడ్డుగా నిలిచే సాక్ష్యం కావచ్చు. బడి రికార్డులో సుంకన్న, గుడి రికార్డులో యోహాను అన్న పాత పద్ధతి ఈ ఒత్తిడి వల్ల కొత్త బలంతో తిరిగొచ్చింది. కొన్ని కుటుంబాలు బిడ్డల బాప్తిస్మం రాయించడానికే వెనుకాడతాయి. దాన్ని విశ్వాసం తగ్గిందనే పెద్దలు ఉంటారు. రిజర్వేషన్ లెక్క తెలిసినవాళ్లు అలా అనరు.

గుడి సంగతికొస్తే, ఇప్పుడు ఆదివారం ముందు బల్లల్లో కూర్చునేది ఎక్కువగా వయసైనవాళ్లే. కుర్రాళ్లు బెంగళూరులోనో, హైదరాబాదులోనో, కువైట్‌లోనో. ఊళ్లో ఉన్నవాళ్లలో కొందరు మైకు, కీబోర్డు, స్వస్థత ప్రార్థనలు ఉండే కొత్త మందిరాలకు పోతారు. పాత గుడికి డబ్బొచ్చేది కూడా బయటికి పోయినవాళ్ల దగ్గర్నుంచే. ఆ డబ్బుతో ముందు జరిగే పని పాత మిద్దె పడగొట్టి ఆర్‌సీసీ స్లాబ్ వేయడం, నాపరాతి నేల మీద టైల్స్ పరచడం. పాత కట్టడాల మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇది కడుపు తరుక్కుపోయే పని. కానీ చౌడు మిద్దెకు ఏటేటా మట్టి వేయాలి, తొక్కాలి, వాన పడిన రాత్రి ఎక్కి నీళ్లు తోయాలి. ఆ పని చేసే మనుషులు ఊళ్లో లేనప్పుడు మిద్దెను కాపాడమని చెప్పే హక్కు బయటివాళ్లకు ఎంతుందన్నది ఆలోచించాలి. పడగొట్టేటప్పుడు కనీసం పాత శిలాఫలకాన్ని కొత్త గోడలో బిగిస్తే మేలు. చాలాచోట్ల అది ముక్కలై పునాదిలోకి పోతోంది.

మిషనరీలు లండన్‌కు పంపిన ఉత్తరాలు, ఏడాదికోసారి పంపిన నివేదికలు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఏసీ గదుల్లో ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్ల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, ఎక్కువగా తెల్లవాళ్లవి. పల్లె రిజిస్టరు మాత్రం పల్లెలోనే ఉంది, చెదలకు అందుబాటులో.

ఇలాంటి ఊళ్లో సోమవారం పొద్దున్నే ఒక కుర్రాడు అయ్యగారి వాకిట్లో నిలబడతాడు. కువైట్‌లో పని దొరికింది, భార్యను తీసుకుపోవాలి, పెళ్లి సర్టిఫికెట్టు కావాలి. అయ్యగారు ట్రంకుపెట్టె తెరుస్తారు, నాఫ్తలిన్ వాసన. కుర్రాడి పెళ్లి ఏడేళ్ల కిందటిదే, అది కొత్త పుస్తకంలో ఉంది, వెంటనే దొరుకుతుంది. కానీ కింద అట్ట ఊడిన పాత పుస్తకం కూడా ఉంది. అది చూసి కుర్రాడు, 'మా జేజినాయనది కూడా ఉంటుందా అయ్యగారూ?' అంటాడు. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. అయ్యగారు వేలు తడి చేసుకుని, ఒక్కొక్కటే విడదీస్తూ, గడి మీద గడి దాటుకుంటూ పోతారు. నేత, కూలి, కూలి, తలారి. ఒక వరస దగ్గర వేలు ఆగుతుంది. సిరా గోధుమరంగుకు తిరిగింది. పక్కన సంతకం ఉండాల్సిన చోట బొటనవేలి ముద్ర, దానికి ఎదురుగా వేరే చేతిరాతలో 'ఇది అతని గుర్తు' అని రాసి ఉంది. కుర్రాడు ఫోన్ తీసి ఫోటో కొట్టుకుంటాడు. అయ్యగారు సర్టిఫికెట్టు రాసి, ముద్ర కొట్టి, ఆరేదాకా ఊదుతారు.